నాలుగు బై ఆరు

వనజాక్షి టీచరు పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టి
ఇరవై రెండు ఫొటోలన్నారు,
నాలుగు బై ఆరు, ఐలెట్లు వేసి.

మా షాపులో పుట్టినరోజులూ పెద్దకర్మలూ
ఒకే మిషను మీంచి దిగుతాయి.
నా చెయ్యి దానంతటదే
మొహాలు తెల్లబరుస్తుంది, మచ్చలు చెరిపేస్తుంది,
పోయినవాళ్ళయితే
బంతిపూల దండ తెచ్చి మెడలో వేస్తుంది.

మొదటి ఫొటోలో ఒక గుంట.
గోడ ఉండాల్సిన చోట కూర్చుంది.
ఒక కాలికే చెప్పు.
అలవాటు కొద్దీ దండ లాగాను.
"దండ వద్దు," వెనకనుంచి టీచరు.
"దండ వేస్తే అయిపోయిందనుకుంటారు.
ఇంకా అవుతోంది."

తెల్లబరచలేదు. బూడిదని బూడిదలాగే వదిలాను.
పద్దెనిమిదో దాని దగ్గర ఎర్ర ఇంకు అయిపోయింది.
సిరిమాను నెలలో, నాయకులంతా
బొట్లు పెట్టుకుని స్వాగతాలు పలికినప్పుడు కూడా
మిషను ఒక్క రాత్రిలో అంత తాగలేదు.
ఆ ఎరుపు ఒక పెళ్ళి పందిరిది.
టీచరు చెప్పేదాకా
నేను వేరే ఏదో అనుకున్నాను.

ఆదివారం తెల్లారకముందే
గంటస్తంభం నుంచి మూడు లాంతర్ల దాకా
సరుగుడు గుంజలు పాతాం.
ప్రతి బొమ్మ కిందా టీచరు చేతిరాత,
ముప్పై ఏళ్ళు నల్లబల్ల మీద నదులు గీసిన రాత:
ఆస్పత్రిని కొట్టకూడదు.
తాగే నీళ్ళని పేల్చకూడదు.
చేతులెత్తినవాణ్ణి చంపకూడదు.
యుద్ధానికీ గట్టు ఉంది, తెగ్గొట్టడం నేరం.

ఎవరూ ఆగరనుకున్నాను.
నెల్లిమర్ల బస్సు రానందుకు కొందరు ఆగారు.
ఫ్లెక్సీ నీడకి కొందరు.
కాలేజీ కుర్రాడొకడు సెల్ఫీకి చెయ్యెత్తి
తన భుజం వెనక ఏముందో తెరలో చూసి
దించేశాడు.
కానిస్టేబులు పర్మిషన్ కాగితమడిగాడు.
కాగితం చేతిలో ఉండగానే
నాలుగో ఫొటో చదువుతూ ఉండిపోయాడు.

తొమ్మిదోది మాత్రం నవ్వుతుంది.
నుయ్యి చుట్టూ సైనికులు, భుజాలమీద చేతులేసుకుని.
నూతిలో ఏముందో ఫొటోలో లేదు,
కింద రాతలో ఉంది.
సెలవుమీద వచ్చిన జవాను, గుర్ల వైపు మనిషి,
కొడుకు వేలు పట్టుకుని అక్కడే నిలబడ్డాడు.
టీ చల్లారింది.
"ఇది తీసిందెవరు?" అన్నాడు చాలాసేపటికి.
నేను మూలల్లో పేరు వెతికాను.
అతనడిగింది పేరు కాదేమో.
పిల్లాణ్ణి ఎత్తుకుని, మొహం తన మెడవైపు తిప్పుకుని
పదోదానికి నడిచాడు.
ఇరవై రెండూ చూశాడు.

సెనక్కాయలమ్మే తౌడమ్మకి చదువు రాదు.
ముందు పుట్టినవాళ్ళు దక్కక
దోసెడు తవుడుకి అమ్మేసి, తిరిగి కొనుక్కుని
చావు కంట పడకుండా పెట్టిన పేరు.
గంప దించి మొదటి ఫొటో ముందు కూర్చుంది.
"ఏ వూరి గుంట బాబూ ఇది?"
చెప్పాను. ఆ ఊరి పేరు నాకే నోరు తిరగలేదు.
"దాని రెండో సెప్పేదీ?"

అదొక్కటే అడిగింది.
ఎంత ఎండలోనో చదివిన ఇరవై రెండు రాతల్లో
దానికి జవాబు లేదు.
టీచరు కూడా కళ్ళజోడు తుడుచుకుంటూ
రోడ్డు వైపు చూశారు.

సాయంత్రం మబ్బు పట్టి విప్పేశాం.
పాత ఫ్లెక్సీలెప్పుడూ ఎవరో ఒకరు అడుగుతారు,
వరికుప్పల మీదకి, పశువుల సాలల మీదకి.
తౌడమ్మ ఒకటడిగింది. ఆ ఒకటే.
టీచరు ఇవ్వరనుకున్నాను.
చాలాసేపు ఆలోచించి, తనే చుట్టి ఇచ్చారు.

పది రోజుల తర్వాత, వానలో, కణపాక దారిలో
ఆమె పాక కనబడింది.
పైన ఉత్త తెలుపు. చినుకులన్నీ దానిమీదే.
"బొమ్మ లోపలికి తిప్పేసినావేటమ్మా?"
"మరి తడిసిపోదేటి గుంట?"

వంగి లోపలికి చూశాను.
పొయ్యికీ మంచానికీ పైన
ఆ పిల్ల మమ్మల్ని చూస్తోంది.
ఒక మూల ఐలెట్ ఊడి
గాలికి కొట్టుకుంటోంది.
రేపొచ్చి వేస్తానన్నాను.